గళ్ళొక ఫోన్‌లో, ఆధారాలొక ఫోన్‌లో

మా ఆయన భుజంగరావుగారికి స్నేహం చేసుకోవడం చేతకాదు. ఈ మాట ఆయన ముందే అంటాను, చాటుగా అనే అలవాటు నాకు లేదు. బడంగ్‌పేట్‌లో అద్దెకున్నప్పుడు పక్క వాటాల వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి పలకరించేవారు కనుక రోజులు వెళ్ళిపోయాయి. ఇబ్రహీంపట్నంలో ఇల్లు కొనుక్కుని వచ్చాక ఆ పలకరించేవాళ్ళూ లేకపోయారు. మా అమ్మాయి శ్రీలేఖ పొద్దున్నే ఆదిబట్లలో ఆఫీసుకి వెళ్ళిపోతుంది. ఈయన రిటైరైన మనిషి. రోజంతా నా వెనకే తిరుగుతూ పోపు మాడిందనీ, కుళాయి సరిగ్గా కట్టలేదనీ అంటూ ఉంటే నాకు నా వంటిల్లే పరాయిదైపోయింది.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా వారపత్రికలో వచ్చే గళ్ళనుడికట్టు. గురువారం పొద్దున్నే బస్టాండు దగ్గర కృష్ణయ్య పుస్తకాల కొట్టుకి వెళ్ళి పత్రిక తెచ్చుకుని, పెన్సిలు చెక్కుకుని కూర్చున్నారంటే మధ్యాహ్నం దాకా మనిషి ఇంట్లో ఉన్నట్టే తెలిసేది కాదు. అన్నీ సరిగ్గా నింపినవాళ్ళ పేర్లు ఊరి పేరుతో సహా తర్వాత పత్రికలో వేస్తారు. అందులో ఈయన పేరుకి పైన ఎప్పుడూ ఇంకో పేరుండేది: ‘ఇంద్రసేన, ఇబ్రహీంపట్నం.’ ఆ ఇంద్రసేన ఎవరో మాకు తెలియదు. అయినా మా ఆయనకి ఆ పేరు చూస్తే ఒళ్ళు మంట. అకారాది క్రమంలో వేస్తారు కాబట్టి ‘ఇ’ ముందొస్తుందండీ అంటే వినిపించుకునేవారు కాదు.

అలాంటిది, ఆ పత్రికవాళ్ళు అచ్చు ఆపేసి ఇకనుంచి అంతా యాప్‌లోనే అన్నారు. శ్రీలేఖ చందా కట్టి వాళ్ళ నాన్న ఫోన్‌లో పెట్టి ఇచ్చింది. మా ఇంట్లో రభస అప్పుడు మొదలైంది.

అచ్చుపత్రికలో గళ్ళు ఒక పేజీలో, ఆధారాలు దాని ఎదుటి పేజీలో ఉండేవి. చూపు అటూ ఇటూ తిప్పితే సరిపోయేది. ఫోన్‌లో ఒకసారికి ఒక పేజీయే కనిపిస్తుంది, అదీ అగ్గిపెట్టె మీది బొమ్మంత. రెండు వేళ్ళతో సాగదీస్తే అక్షరాలు పెద్దవవుతాయి కానీ సగం వాక్యం తెర బయటికి పోతుంది. దాన్ని ఇటు లాగబోతే పేజీయే తిరిగిపోయి తలనూనె ప్రకటన ప్రత్యక్షమవుతుంది. ఎలాగో ఆధారం చదువుకుని గళ్ళ పేజీకి వెళ్తే అక్కడ మళ్ళీ అన్నీ చీమల బారు. మళ్ళీ సాగదీసి, కావలసిన గడి వెతికి పట్టుకునేసరికి ఆ ఆధారం ఏమిటో ఈయన మర్చిపోయి ఉంటారు.

కాగితం మీద గళ్ళు గీసుకోండి అన్నాను. గీశారు. ఒక నల్లగడి ఒక వరస కిందికి జారింది, దాంతో అడ్డాలకీ నిలువులకీ పొత్తు కుదరలేదు. తెరని ఫొటో తీసుకుందామంటే యాప్ ఒప్పుకోదు, నల్లగా వస్తుంది. నా ఫోన్‌లో కూడా పెట్టుకోండి అంటే, ఒక చందాకి ఒక్క ఫోనేనట. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు ఆయన నా కాఫీకి వంకలు పెట్టడం మొదలుపెట్టారు. పత్రికవాళ్ళకి వారం వారం ఫిర్యాదు మెయిలు కూడా పంపేవారు. ఆ మెయిళ్ళు వాళ్ళకి చేరేముందు నాకు చదివి వినిపించేవారు, అదొక శిక్ష.

ఒకరోజు కూరగాయలకని నేనూ వెంట వెళ్ళాను. ఆయన కృష్ణయ్య కొట్టు ముందు ఆగారు, తన బాధ చెప్పుకోవడానికి. అప్పటికే అక్కడ ఒక పొడుగాటి మనిషి, తెల్ల చొక్కా, చేతిలో ఫోనుతో నిలబడి అదే పని చేస్తున్నాడు.

“పెద్దగ జేస్తె పారిపోతది, ఇడిసిపెడితె చిన్నగైతది. గిదేం పత్రికనే కృష్ణయ్యా.”

“నేను జేసిన్నా దాన్ని?” అన్నాడు కృష్ణయ్య. “గీ సారు గూడ రోజు గదే జెప్తున్నడు. ఇద్దరు మాట్లాడుకోండ్రి, నన్నిడిసిపెట్టుండ్రి.”

మా ఆయన అనుమానంగా చూశారు. “తమరి పేరేమిటండీ?”

“ఇంద్రసేన.”

ఈయన ఆ మనిషిని కిందనుంచి పైదాకా చూశారు. తర్వాత తన పేరు చెప్పారు.

“అరె, మీరేనా” అన్నాడు ఆ మనిషి. “మీ పేరు జూసినప్పుడల్ల నాకు కడుపుల మండేది సారు.”

“నాకూనండీ” అన్నారు మా ఆయన, ఎంతో మర్యాదగా.

ఆ తర్వాత ఇద్దరూ తమ తమ ఫోన్లు కొట్టు బల్ల మీద పెట్టి, ఎవరిది ఎక్కువ పాడుగా ఉందో చూపించుకోబోయారు. ఈయన ఫోన్‌లో ఆధారాల పేజీ పెద్దదై ఉంది. ఆయన ఫోన్‌లో గళ్ళ పేజీ పెద్దదై ఉంది. రెండూ పక్కపక్కన అచ్చుపత్రిక విప్పినట్టే కనిపించాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిలబడ్డచోటే రెండు అడ్డాలు నింపేశారు కూడా. కృష్ణయ్య, “గిరాకి వస్తున్నది, జర పక్కకు జరుగుండ్రి” అనేదాకా కదల్లేదు.

అలా ఇంద్రసేన మా వరండాలోకి వచ్చాడు. రావిర్యాల వైపు ఆయనకి పొలం ఉంది. గురువారం సాయంత్రం పొలం నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేవాడు. ముందు ఆయన ఫోన్‌లో గళ్ళు, ఈయన ఫోన్‌లో ఆధారాలు. ఆయనది నిండాక తారుమారు చేసి ఈయనది నింపేవారు. పొరపాటున ఎవరి వేలు తగిలినా తలనూనె వచ్చేస్తుంది కనుక, ఫోన్లని పాలు పొంగుతున్న గిన్నెల్లా కాపలా కాసేవారు. ఫలహారం పళ్ళెం పెట్టడానికి వెళ్తే నన్ను కూడా దూరంగా ఉండమనేవారు.

సొరకాయకి మరో పేరు చెప్పమని ఒకసారి ఆధారం. “ఆనపకాయ. ఐదే అక్షరాలు. గళ్ళు ఆరున్నాయి. వీళ్ళకి లెక్కపెట్టడం కూడా రాదు” అని మా ఆయన అప్పుడే ఇంకో ఫిర్యాదుకి సిద్ధమయ్యారు.

“ఆనిగెపుకాయ రాయుండ్రి సారు” అన్నాడు ఇంద్రసేన నెమ్మదిగా. “ఈడ గట్లనే అంటరు.”

సరిపోయింది. మా ఆయన ఆ వారమంతా నాతో ఆ కాయకూరే వండించారు. మొదట నన్ను ‘అమ్మా’ అన్న ఇంద్రసేన, నెల తిరిగేసరికి ‘వదినె’ అనసాగాడు. మా ఆయన నా పోపు సంగతి పూర్తిగా మరిచిపోయారు. గురువారం సాయంత్రాలు నా వంటిల్లు నాకు తిరిగొచ్చింది. ఆయన నవ్వు వంటింట్లోకి వినిపిస్తుంటే, ఈ మనిషికిలా నవ్వడం వచ్చని నేనే మరిచిపోయాను కదా అనిపించేది.

ఇంతలో ఫిర్యాదులు ఫలించాయి. పత్రిక నుంచి ధన్యవాదాలు చెబుతూ జవాబు వచ్చింది. శ్రీలేఖ యాప్ కొత్తది వేసి చూపించింది. ఇప్పుడు గళ్ళు పైన, ఆధారాలు కింద, రెండూ ఒకే తెర మీద. గడి మీద వేలు పెడితే దాని ఆధారం తనే పెద్దదై వస్తుంది. ఎంత సాగదీసినా పేజీ పారిపోదు. “నా మాట విన్నారు చూశావా” అని మా ఆయన రెండు రోజులు మీసం దువ్వుకున్నారు.

గురువారం వచ్చింది. కాఫీ చల్లారేలోపే మొత్తం నింపి పంపేశారు. సాయంత్రం వరండాలో కూర్చున్నారు. ఇంద్రసేన రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. మా ఆయన మాత్రం గేటు చప్పుడైతే తలెత్తేవారు. పాలవాడో, కొరియర్ వాడో అయ్యేవాడు. ఆ తర్వాత నా పోపులో మళ్ళీ తప్పులు కనబడ్డాయి.

“మీరే ఒకసారి వెళ్ళి రావచ్చుగా” అన్నాను.

“ఏమని వెళ్ళను? పని లేకుండా ఒకరింటికి ఎలా వెళ్తారు?”

“పెళ్ళిచూపులకా వెళ్తున్నది, ఏదో ఒకటి అని వెళ్ళండి.”

“ఆయనకిప్పుడు నాతో ఏం అవసరం?” అని ఫోన్ పక్కన పెట్టి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపమొస్తుంది. ఎవరి మీద చూపించాలో తెలియక సంచీ తీసుకుని బజారుకి వెళ్ళాను.

కృష్ణయ్య కొట్టు ముందు ఇంద్రసేనే ఉన్నాడు. నన్ను చూసి, “సారు మంచిగున్నడా వదినె?” అన్నాడు.

“ఉన్నారు. కాఫీ తాగేలోపే గళ్ళు నింపేస్తున్నారు.”

“నేను గూడ గంతే.” చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. “యాప్ మస్తు మంచిగ జేసిండ్రు. ఇగ సారుకు నాతోని ఏం పనుంటది.”

ఇద్దరికిద్దరూ సరిపోయారు. నేనింక ఆగలేదు. “పనేమీ లేదన్నయ్యగారూ. మా ఆయనకి ఈ ఊళ్ళో ఉన్నది మీరొక్కరే. గేటు చప్పుడైతే మీరేననుకుని చూస్తున్నారు. పని ఉంటేనే వస్తానంటే మీ ఇష్టం” అని, ఏ కూరా కొనకుండానే ఇంటికి వచ్చేశాను. ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ సాయంత్రం గేటు చప్పుడైంది. అది గురువారం కూడా కాదు. మా ఆయన లేచి నిలబడి, లోపలున్న తన ఫోన్ కోసం కంగారుగా వెతుక్కోబోయారు.

“ఫోన్ తెచ్చారా?” అని అడిగారు.

“తేలె” అన్నాడు ఇంద్రసేన.

“మరి?”

“ఊకెనె వచ్చిన.”

మా ఆయన ఇంకో కుర్చీ తెచ్చి వేశారు. తర్వాత ఆయన అన్న మాట నేను వంటింటి గుమ్మంలోంచి విన్నాను. “నేనూ మీ ఇంటికి వద్దామనుకున్నానండీ. ఏమని రావాలో తెలియలేదు.”

“గిట్లనే రావాలె సారు.”

ఇద్దరూ కూర్చున్నారు. మధ్యలో ఫోన్లు లేవు, చూసుకోవడానికి గళ్ళు లేవు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు. నేను కాఫీ తీసుకెళ్ళేసరికి మా ఆయన గొంతు సవరించుకుంటున్నారు. ఇంద్రసేన ఇంటి సంగతులు నేనైతే మొదటి గురువారమే అడిగి తెలుసుకున్నాను. ఇన్ని నెలలు మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న మనిషిని ఈయన మాత్రం ఇప్పుడడిగారు.

“మీకు పిల్లలెంతమందండీ?”

“ఇద్దరు సారు” అన్నాడు ఇంద్రసేన, కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.