ముప్పై ఒకటో కాపీ

ఆయన్ని వీధిలో అందరూ కళ్లద్దాలాయన అనే పిలిచేవారు. కింద దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. ఇంట్లో ఆయనా, బడిలో లెక్కలు చెప్పి రిటైరైన ఆయన అక్కా. యాభై రెండేళ్లు వచ్చినా ఆయనకి ఒక్కటే పిచ్చి. ఆ పిచ్చి మాత్రం నిండుగా ఉండేది.

ఆ ఊళ్లో ఎవరి కంటా పడకుండా గోడల మీద బొమ్మలు వేసే ఒకావిడ ఉండేది. ఎప్పుడూ గోడకి పైకొసనే వేసేది కాబట్టి జనం నిచ్చెనమ్మ అని పేరు పెట్టుకున్నారు. నాలుగు నెలలు తిరక్కుండా ఎవరో ఒకరు గోడకి సున్నం కొట్టేసేవారు. అలా పోయిన ప్రతి బొమ్మనీ ఆవిడ ఓ చిన్న స్క్రీన్‌ప్రింటింగ్ వర్క్‌షాపులో దళసరి కాగితం మీద అచ్చు వేయించేది. రంగుకొక తెర. అరవై కాపీలు తీశాక ఆ తెరలు కడిగేసేవారు. ప్రతి కాపీకీ కింద మూల పెన్సిలుతో నంబరు ఉండేది.

కళ్లద్దాలాయన మొదట కొన్న కాపీ నంబరు ముప్పై ఒకటి. అదేం చిత్రమో, అప్పట్నుంచి ఆయనకి ప్రతి బొమ్మలోనూ ముప్పై ఒకటే కావాలి. పదకొండు బొమ్మలు అలాగే కూడబెట్టాడు. పల్చటి కాగితాల మధ్య పెట్టి, చీకటి గదిలో బల్లసొరుగుల్లో దాచాడు. ఆదివారం మధ్యాహ్నం ఒక్కో సొరుగూ లాగి, రెండు నిమిషాలు చూసి మూసేసేవాడు.

"వాటికి ఘోషా పెట్టావురా," అనేది అక్క.

"ఎండ తగిలితే రంగు పోతుందక్కా."

"చూడకపోతే నీకేం మిగిలింది మరి?"

ఆయన దగ్గర లేనిదల్లా నిచ్చెనమ్మ మొట్టమొదట అచ్చు వేయించిన 'నీటిగది'. గది నిండా నీలం నీళ్లు, మధ్యలో తేలుతున్న ఖాళీ కుర్చీ. దాని ముప్పై ఒకటో కాపీ ఎక్కడుందో తెలిస్తే చెప్పమని దుకాణం అద్దానికి కాగితం అంటించి చాలా ఏళ్లయింది. ఓ రోజు ఫోను మోగింది. అవతల ఒక పెద్దావిడ. సిటీ బస్సు నడిపి రిటైరైందట.

"మా వంటింట్లో ఉందండీ. చూసుకుంటానంటే రండి," అంది.

వంటింట్లో అనేసరికి ఆయన దుకాణం తలుపులు వేసేసి బయల్దేరాడు.

ఆ ఇంటికి వెళ్లేసరికి పొద్దు బాగా ఎక్కింది. కిటికీలోంచి పడిన ఎండ గిన్నెల మీదుగా పాకి తిన్నగా బొమ్మ మీదే వాలింది. నీలం వెలిసి వెలిసి, నీళ్లలో కలిపిన పాలలా అయిపోయింది. ఇన్నేళ్ల ఎదురుచూపూ ఒక్క గోడ దగ్గర ఆవిరైపోయినట్టయింది.

అద్దాలు తుడిచి పెట్టుకుని దగ్గరికెళ్లాడు. కుర్చీ ఖాళీగా లేదు. అందులో ఒక స్త్రీ కూర్చుని ఉంది. లేత పసుపు రంగులో, ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎవరి మాటో వింటున్నట్టు తల కాస్త పక్కకి వంచి.

"ఈవిడ... ఈవిడెవరు?"

"మిగతా కాపీల్లో ఉండదా?" డ్రైవరమ్మ ఆశ్చర్యపోయింది. "నాకూ మొదట్లో కనపడలేదులెండి. నాలుగో ఏడు మోకాళ్లు వచ్చాయి. ఆ తర్వాత చేతులు. మొహం రావడానికి చాలా కాలం పట్టింది. డ్యూటీకి వెళ్లేముందు టీ తాగుతూ రోజూ చూసేదాన్ని, ఇవాళ ఎంతవరకు వచ్చిందా అని."

ఆయన పీట లాక్కుని బొమ్మ ఎదురుగా కూర్చున్నాడు. ఎండ కదిలేదాకా ఇద్దరూ దాన్నే చూశారు. గదిలో నిజంగానే నీళ్లు ఊగుతున్నట్టూ, తన కాళ్లు నేలకి ఆననట్టూ అనిపించింది ఆయనకి. కొంటానని అడగడానికే వచ్చినవాడు ఆ ఊసెత్తకుండానే లేచాడు.

ఇంటికి వెళ్లలేదు. తిన్నగా వర్క్‌షాపుకి వెళ్లాడు. అచ్చులాయన చేతులు కడుక్కుంటూ అంతా విన్నాడు.

"నీలం కింద పసుపు తెర ఒకటి వేశాం, నిజమే. మూసేసేదానికి ఇదెందుకమ్మా అని నిచ్చెనమ్మని అడిగాను. తొందరగా వెలిసే నీలమే వెయ్యమంది, అంతే."

"మిగతా బొమ్మల్లో కూడా ఇలా మనుషులున్నారా?"

"ఆ తర్వాత బొమ్మల తెరలన్నీ ఆవిడే గదికి తాళం వేసుకుని వేసుకుంది. నన్ను చూడనివ్వలేదు. ఉండొచ్చు, లేకపోవచ్చు."

నెల రోజులు ఆయనకి అన్నం సయించలేదు. ఎండలో పెడితే ఏమీ రాకుండా ఉత్త కాగితమే మిగలొచ్చు. పెట్టకపోతే లోపలున్నవాళ్లు ఎప్పటికీ లోపలే. చివరికి ఓ పొద్దున, అన్నిటికన్నా ఇష్టమైన 'ఆకుపచ్చ మెట్లు' తీసి దుకాణంలో ఎండ పడే గోడకి తగిలించాడు. సేకరణ పిచ్చి ఉన్న స్నేహితులు వచ్చి చూసి తలలు పట్టుకున్నారు. ఒకాయనైతే మాట్లాడటమే మానేశాడు.

మొదటి ఏడు ఏమీ లేదు. రెండో ఏడు పచ్చదనం పాలిపోయింది, అంతే. అద్దాలు అరగదీస్తూ మధ్యమధ్య తలెత్తి చూడటం ఆయనకి అలవాటైపోయింది. ఒక్కోసారి మెట్ల మీద గాలి తిరుగుతున్నట్టుండేది. ఏమీ రాకపోయినా ఫరవాలేదనిపించింది కొన్నాళ్లకి. ఇన్నేళ్లలో ఏ బొమ్మనీ ఆయన అంతసేపు చూడలేదు.

మూడో ఏడు, అక్క దుకాణం ఊడుస్తూ ఆగిపోయింది.

"ఒరే, ఇలా రా. పై మెట్టు మీద ఎవరో దిగుతున్నార్రా."

ఆయన లేచి వెళ్లాడు. మసక నారింజ రంగులో మడమ, ఐదు వేళ్లు. చెప్పుల్లేవు. ఆయన చాలాసేపు నిలబడి చూసి, డ్రైవరమ్మకి ఫోను చేశాడు.

"పాదం వచ్చిందండీ."

"ఏ పాదం?"

"ఎడమది."

"అయితే ఇంకా చాలా కాలం ఉంది. తొందరపెట్టకండి, దిగనివ్వండి."

గుమ్మంలో ఇద్దరు గిరాకీలు వచ్చి నిలబడ్డారు. అక్క వాళ్లకి కుర్చీలు వేసి, ఆయన పని మొదలుపెట్టడానికి కాస్త ఆలస్యమవుతుందని చెప్పింది.