రెండంగుళాల మెత్తదనం

మా ఆయన చేసిన పరుపు మీద పడుకోలేక, ఆయన కన్నతల్లే ఇల్లు వదిలి వెళ్ళిపోతానంది.

మాది లేటెక్స్ రబ్బరు పరుపుల దుకాణం. అడుగున గట్టి పొర, పైన మెత్తటి పొర పెట్టి, జిప్పున్న గలేబు తొడిగి అమ్ముతాం. ఏ పరుపునైనా మా ఆయన పిడికిలితో రెండు పోట్లు పొడిచి "వెన్న!" అంటాడు. కొనేవాళ్ళూ అలాగే పొడిచి తలూపుతారు. పడుకునేది పిడికిలి కాదని ఎవరికీ తోచదు.

అత్తయ్య మాతో ఉండిపోదామనే వచ్చింది. గలేబులు కుడుతూ, బేరగాళ్ళు వెళ్ళగానే వాళ్ళ గొంతులు అనుకరించి నన్ను పొట్ట చెక్కలయ్యేలా నవ్వించేది. మా ఆయనతో అంత నవ్వు ఏనాడూ నవ్వలేదు. ఆవిడ వెళ్ళిపోతే నాకు దిక్కెవరు?

"తుంటి కింద బండరాయి పెట్టినట్టుందిరా. ఆదివారం మా చెల్లి దగ్గరికి పోతా" అంది ఒకరోజు పొద్దున్నే.

మా ఆయన పరుపుని పొడిచి చూశాడు. "ఇంత మెత్తగా ఉంటేనూ! అయినా, నిద్ర సుఖమెరగదంటారు కదమ్మా."

"ఆ మాట కొట్లో మాత్రం అనకండి. ఒక్క పరుపూ అమ్ముడుపోదు" అన్నాను.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మందం పెంచితే మెత్తబడుతుందని అడుగున ఇంకో గట్టి పొర దూర్చాడు. అత్తయ్య మంచమెక్కడానికి పీట వెయ్యాల్సొచ్చింది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

శనివారం ఆవిడ చీరలు సర్దుకుంటుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. విసురుగా వెళ్ళి ఆ పరుపు మీద పక్కకు తిరిగి పడుకున్నాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. పైనున్న మెత్తటి పొర ఒక్క అంగుళమే. చేత్తో నొక్కితే అది చాలు. తుంటి బరువు పడేసరికి మొత్తం అణిగిపోయి, కింది గట్టి పొర ఎముకకు తగులుతోంది. అడుగున ఎన్ని పొరలు పేర్చి ఏం లాభం?

జిప్పు లాగి, అడుగున దూర్చినది పీకేసి, పైన నాలుగంగుళాల మెత్తటి పొర వేశాను. అత్తయ్య పడుకుంది, అలాగే దిగబడిపోయింది.

"అమ్మాయ్, హాయిగానే ఉంది గానీ, నన్ను బయటికి తీసేదెవరే?"

మా ఆయనా నేనూ చెరో చెయ్యీ పట్టుకుని లాగాం. మధ్యలో నవ్వాగక నేను వదిలేస్తే ఆవిడ మళ్ళీ దబ్బున పడింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది మా పని.

ఈసారి రెండంగుళాల పొర కోసి వేశాను. అత్తయ్య ఒక పక్కకు తిరిగింది, ఇంకో పక్కకు తిరిగింది, ఎవరి సాయం లేకుండా లేచి కూర్చుంది. మా ఆయన పిడికిలి బిగించబోతే మణికట్టు పట్టుకుని ఆపింది.

"పొడవడం కాదురా, పడుకో."

పడుకున్నాడు. పక్కకు తిరిగి, "మొన్నటిది గుచ్చుకునే ఉంటుందమ్మా" అని గొణిగాడు. మరుక్షణం గురక.

అత్తయ్య ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది. "లేరా! నా మంచం నాకు కావాలి. చెల్లి దగ్గరికి నేను పోవడమేంటి? దాన్నే ఇక్కడికి రమ్మంటా. దానికీ ఇలాంటిదే ఒకటి చెయ్యండి."

ఆయన కళ్ళు నులుముకుంటూ లేచేసరికే, నేను రెండో పరుపుకి పొర కోస్తున్నాను.