చెప్పకూడని పేరు

గౌరీసు చనిపోయిన మూడో రోజు అతని బూట్లు నడుచుకుంటూ ఇంటికొస్తాయి. బళ్ళదారి వదిలి చేనుగట్టు మీంచి వస్తాయి, గౌరీసు ఎప్పుడూ అలాగే వచ్చేవాడు కాబట్టి. అరుగు ముందు ఆగుతాయి. వదిన అచ్చియమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి పోస్తుంది. బూట్లు ఒకదాన్నొకటి రుద్దుకుని బురద కడుక్కుంటాయి.

“లోపలికి రండి,” అంటుంది ఆమె. అవి రావు.

గాదెలోంచి పెనిమిటి దగ్గు వినిపిస్తుంది. పేర్లు రాసుకునే గుమాస్తా వచ్చిన నాటి నుంచి అతను గాదెలోనే ఉంటున్నాడు. అప్పుడు ధాన్యం అతని మోకాళ్ళ దాకా ఉండేది. ఎంత తీసి వండినా తగ్గదు. ఇప్పుడు గడ్డం దాకా వచ్చింది.

ఆ గుమాస్తా చాపంత పుస్తకం తెచ్చి వాకిట్లో పరిచాడు.

“యుద్ధానికి ఇంటికొక మగాణ్ణి పంపాలి. మీ ఆయన పేరు చెప్పమ్మా.”

“పెనిమిటి పేరు నోటితో అనకూడదు బాబూ.”

“అనకూడని పేరు రాయడానికి మా దగ్గర సిరా లేదు. అనగలిగే పేరు చెప్పు.”

పెనిమిటి పేరు సూరీడు. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో అచ్చియమ్మ ఆకాశంలో ఉన్నవాణ్ణి కూడా ఆ పేరుతో అనలేదు. పొద్దు అంటుంది. ఎవరైనా మీ ఆయన పేరేమిటని అడిగితే వేలు పైకెత్తుతుంది, వాళ్ళే నవ్వుకుని రాసుకుంటారు. ఆ రోజు ఎండ బాగానే కాసింది. వేలు మాత్రం లేవలేదు.

“గౌరీసు,” అంది.

గాదెలో దగ్గు ఆగిపోయింది.

మరిది కలుపు తీస్తున్నవాడల్లా చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు. “ఏటొదినా, నా పేరంత తేలిగ్గా నోటికొచ్చేసిందేటి? కూటికి పిలిచినప్పుడు మాత్రం ఒరే దున్నా అంటావు,” అని నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇంకా వాకిట్లోనే ఉంది. ఆమె రోజూ ఊడుస్తుంది, అది చీపురు కింద నుంచి పక్కకు జరుగుతుంది.

తర్వాత ఉత్తరాలు వచ్చాయి.

“వదినా, ఇక్కడ తుపాకీలు ఇంటి పెద్ద భుజం కొలతకి చేసి ఉంచారు. నాకిచ్చింది అన్న భుజానిది. పేల్చినప్పుడల్లా జారిపోతంది. తప్పు పేరు రాశారని ఇంటి నుంచి ఒక్క ముక్క వస్తే నన్ను పంపించేస్తామంటన్నారు. అన్న పేరు రాసి పంపు. నోటితో అనక్కర్లేదులే, రాస్తే దోషం లేదు.”

అచ్చియమ్మకి రాయడం వచ్చు. కాగితం ముందు కూర్చుని ‘సూ’ అని రాసింది. చాలాసేపు దానివంకే చూసింది. తర్వాత ‘సూడి ఆవు ఈనింది, పెయ్య’ అని పూర్తి చేసింది. రెండో ఉత్తరానికి కూడా అలాగే ‘సూ’ రాసి, ‘సూడాలి నువ్వు దాని గంతులు’ అని ముగించింది. మూడో ఉత్తరం రాలేదు. బూట్లు వచ్చాయి.

ఎడమ బూటులో మడిచిన కాగితం ఉంది. గౌరీసు చనిపోయాక రాసినది. ఇప్పటికి తీరిక దొరికిందని మొదలుపెట్టాడు.

“అవతలి వైపు నుంచి ఒక తూటా వచ్చి, ‘సూరీడున్నాడా?’ అని అడిగింది. నాకు అలవాటు కదా, ‘అన్న ఇంట్లో లేడు, ఏటి పని?’ అనేశాను. ‘నీకు చెప్పినా ఒకటే,’ అని లోపలికొచ్చేసింది. పెద్దగా నొప్పెట్టలేదు. పెయ్యకి పేరెట్టారా?”

అచ్చియమ్మ కాగితం మడిచి మళ్ళీ బూటులోనే పెడుతుంది. దాచుకునే హక్కు తనకి లేదు.

మధ్యాహ్నం గుమాస్తా అదే పుస్తకంతో వస్తాడు.

“చనిపోయినవాడి పేరు కొట్టేయాలి. కొట్టేసిన చోటు ఖాళీగా ఉండకూడదమ్మా. ఇంకో పేరు చెప్పు.”

ఆమె వేలు పైకెత్తుతుంది. ఇప్పుడు దానంతటదే లేస్తుంది.

“వేలు ఆరోజుకి సరిపోయేది,” అంటాడు గుమాస్తా.

బూట్లు ఆమె వైపు తిరుగుతాయి. ఆమె నోరు తెరుస్తుంది.

“సూరీడు.”

గట్టిగానే అంటుంది. ఊళ్ళో రోకళ్ళు ఆగిపోతాయి. గాదెలో ధాన్యం కదులుతుంది.

“ఎవుల్నే పిలిచావు?”

“మిమ్మల్నే.”

“నానిక్కడే ఉన్నాను కదే.”

“అవును. మీరిక్కడే ఉన్నారు.”

ఆ తర్వాత గాదె పలకదు. ధాన్యం నోటి దాకా వచ్చి ఉంటుంది.

నడినెత్తిన ఆకాశంలో ఉన్నవాడు మాత్రం పలుకుతాడు. ఇన్నేళ్ళకు పేరుపెట్టి పిలిచారు కదా అని దిగి వస్తాడు. చేనుగట్టు మీంచి, పైరు తొక్కకుండా, చేతులు దులుపుకుంటూ వస్తాడు. అరుగు మీద కూర్చుని బూట్లలో కాళ్ళు పెడతాడు. సరిగ్గా సరిపోతాయి. గుమాస్తా ‘హాజరు’ అని రాసుకుని, వేడికి ముడుచుకుపోతున్న పుస్తకాన్ని మూసేస్తాడు.

సూరీడు తాళ్ళు బిగిస్తూ తలెత్తకుండానే అడుగుతాడు.

“పెయ్యకి పేరెట్టారా వదినా?”

అతను ఆ గుమ్మం ముందు కూర్చోవడంతో ఊళ్ళో నీడలన్నీ లేచి, ఆ ఇంటికి వీపు తిప్పి పడుకుంటాయి. మనుషులవి, రోకళ్ళవి, కట్టేసిన పెయ్యది. అచ్చియమ్మ అతని కాళ్ళకి నీళ్ళు తేవడానికి లోపలికి తిరుగుతుంది. ఆమె నీడ అప్పటికే ముఖం గోడకేసి నిలబడి, వాకిట్లో మిగిలిన ఆమె నవ్వును కొంగులో దాచుకుంటూ ఉంటుంది.