ఏట్లో పోయినవాళ్ళ పేర్లు

పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు టీచర్లకు నవ్వు రావడం వింత కాదు. పిల్లలు రాసే చిత్రాలు అలాంటివి. కానీ ఏ రాతకు నవ్వాలో, ఏ రాత ముందు తల వంచాలో తెలియకపోవడం మాత్రం తప్పే. ఆ తప్పు ఛాయాదేవి చేసింది, అదీ నలుగురి మధ్య కూర్చుని చేసింది.

అది 1978 డిసెంబరు. ఇబ్రహీంపట్నానికి దగ్గర్లో, కృష్ణ ఒడ్డున ఒక హైస్కూలు. అర్ధసంవత్సర పరీక్షలు అప్పుడే ముగిశాయి. గుణదల నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే ఛాయాదేవి, స్టాఫ్‌రూములో కూర్చుని ఏడో తరగతి సోషల్ పేపర్లు దిద్దుతోంది. పదకొండేళ్ళుగా పాఠం చెబుతోంది కాబట్టి జవాబు చదవకముందే మార్కు చేతికి వచ్చేస్తుంది. ఆ రోజు ఒక జవాబు దగ్గర ఆ చెయ్యి ఆగింది.

"కృష్ణా ఆనకట్ట నిర్మాణమును గూర్చి వ్రాయుము" అని అయిదు మార్కుల ప్రశ్న. పాఠంలో నాలుగు ముక్కలున్నాయి: ఆనకట్ట ఏ సంవత్సరంలో మొదలైంది, ఏ దొర కట్టించాడు, ఎన్ని లక్షల ఎకరాలు తడిశాయి, కరువు ఎలా తీరింది. నాంచారమ్మ అనే పిల్ల అందులో ఒక్క ముక్కా రాయలేదు.

"వినండి, వినండి" అంటూ ఛాయాదేవి పైకి చదివింది. "'ఆనకట్ట కట్టేటప్పుడు మా కొండలయ్య తాత కొండరాళ్ళు పడవలో వేసుకొని ఏటి మధ్యకు తెచ్చి దింపేవాడు. ఒకరోజు రాళ్ళ బరువుకు పడవ మునిగింది. తాత దొరకలేదు. ఆయన తరవాత పోలయ్య. పోలయ్య తరవాత నాగన్న. నాగన్న తరవాత గురవయ్య...' ఇలా పేజీ నిండా పేర్లేనండీ. ఆనకట్ట గురించి రాయమంటే వంశవృక్షం నాటింది."

గది గదంతా నవ్వింది. లెక్కల మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఛాయాదేవి కూడా నవ్వుతూనే ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "పాఠంలో లేదు" అని రాసింది. మొత్తం కూడితే ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై అయిదు వస్తేగాని పాసు కాదు.

ఆ పిల్ల తండ్రి ఎల్లారావు ఏట్లో చేపలు పట్టేవాడు. ఈసారి తప్పిందంటే బుట్ట నెత్తిన పెట్టి విజయవాడ బజారుకు పంపుతానని కూతురికి ముందే చెప్పేశాడు. ఆ సంగతి ఛాయాదేవికి తెలియదు. అడిగి తెలుసుకునే అలవాటు మన బళ్ళలో ఎక్కడిది?

పేపర్లు పంచిన మర్నాడు, ఇంటర్వెల్ వేళకు స్టాఫ్‌రూము గుమ్మం ముందు ఒక ముసలామె చేపల బుట్ట దించింది. నాంచారమ్మ నాయనమ్మ పోలేరమ్మ. చెంగుతో మొహం తుడుచుకుని, లోపలికి రాకుండానే అడిగింది.

"సోషల్ టీచరమ్మగారు ఎవరండీ?"

"నేనే. మీ మనవరాలి మార్కుల కోసమా? చూడండీ, అడిగితే పెంచేవి కావు మార్కులు."

"మార్కులు అడగటానికి రాలేదమ్మా. పిల్ల రాత్రి అన్నం తినలేదు. ఏం తప్పు రాశావే అంటే, నువ్వు చెప్పిందే రాశాను నాయనమ్మా అంది. అందుకని నేనొచ్చాను. అందులో తప్పేవిటో చెప్పండి. పేరు తప్పా? వరస తప్పా?"

"తప్పని కాదు, పుస్తకంలో లేదు."

పోలేరమ్మ బల్ల మీది పుస్తకం వైపు చూసింది. "పుస్తకం రాసినాయన మా కాడికి వచ్చి అడిగాడా అమ్మా?"

పోలేరమ్మ బుట్ట ఎత్తుకుంటూ, "ఆదివారం పొద్దున మా కొత్త వల నీళ్ళల్లో దించుతున్నాం. తీరిక ఉంటే రండి. ఆ పేర్లేవిటో మీ చెవులతో మీరే విందురుగాని" అంది. గొంతులో కోపం లేదు, బతిమాలడం అంతకన్నా లేదు.

ఛాయాదేవి వెళ్ళకూడదనే అనుకుంది. ఆదివారం సెలవు, ఇంట్లో వారం రోజుల బట్టలు నానబెట్టి ఉన్నాయి. అయినా ఆ ముసలామె అడిగిన ప్రశ్న గొంతులో చేపముల్లులా గుచ్చుకుని ఉంది. ఆరున్నర బస్సు ఎక్కింది.

ఏటి ఒడ్డున పది గుడిసెల మనుషులు గుమిగూడి ఉన్నారు. ఎల్లారావు మోకాటి లోతు నీళ్ళలో, భుజం మీద కొత్త వలతో నిలబడ్డాడు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. కొత్త వల మొదటిసారి తడిసేముందు, ఏట్లో పోయిన తమ ఇంటివాళ్ళ పేర్లన్నీ ఇంటి పెద్దావిడ పైనుంచి కిందికి వరస తప్పకుండా చెప్పాలి. ఒక్క పేరు మరిచినా ఆ రోజుకు వల దించరు. చేతికందిన కూడు పోయినా సరే, దించరు.

పోలేరమ్మ నీళ్ళ వైపు తిరిగి మొదలుపెట్టింది. "కొండలయ్య. ఆనకట్ట రాళ్ళ కాడ పోయాడు. పోలయ్య. వరద నాడు పడవ కట్టబోయి పోయాడు. నాగన్న. రేవులో ఎవరి పిల్లాడినో తీయబోయి పోయాడు. పిల్లాడు బతికాడు." ఒక్కో పేరు తరవాత అక్కడున్న వాళ్ళందరూ ఆ పేరు మళ్ళీ అన్నారు. నాంచారమ్మ అందరికన్నా గట్టిగా అంది. చివరి పేరు పోలేరమ్మ రెండుసార్లు చెప్పింది. అది ఆమె పెద్దకొడుకు పేరు.

ఎల్లారావు వల విసిరాడు.

ఛాయాదేవికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదది, ఒళ్ళు కుంచించుకుపోయే సిగ్గు. అక్షరం ముక్క రాని మనుషులు నూట పాతికేళ్ళుగా ఒక్క పేరు జారిపోకుండా కాపాడుకుంటూ వస్తున్నారు. దాన్ని ఒక పిల్ల మొట్టమొదటిసారి కాగితం మీద పెడితే, ఎమ్మే హిస్టరీ చదివిన తను స్టాఫ్‌రూములో అందరికీ చదివి వినిపించి నవ్వించింది. బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

సోమవారం ఏడో తరగతిలో ఆమె మొదట చేసిన పని క్షమాపణ చెప్పుకోవడం. "నాంచారమ్మ జవాబుకు సున్నా వేశాను. అది నా తప్పు" అని, ఆ జవాబు మొత్తం చదివి వినిపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సున్నా కొట్టేసి నాలుగు వేసింది. "సంవత్సరం రాయలేదు కాబట్టి ఒక మార్కు కోశాను. అది మాత్రం నువ్వు నేర్చుకోవాలి" అంది. తరవాత అందరినీ ఉద్దేశించి, "ఈ వారం మీరంతా ఇంట్లో ఒక్క సంగతి అడిగి రండి. ఈ ఊళ్ళో కాలవ, రోడ్డు, గుడి, చర్చి, మసీదు, బడి, వీటిలో దేనికైనా మీ ఇంటివాళ్ళు చెమటోడ్చారా? ఎవరు, ఏ పని చేశారు?" అని చెప్పింది.

ఇక చూసుకోండి. బడి గోడకు రాళ్ళు కొట్టిన తాతలు బయటికొచ్చారు. కాలవగట్టు మీద తట్టలు మోస్తూనే కాన్పయిన అమ్మమ్మలు బయటికొచ్చారు. నాలుగు రోజుల్లో ఏడో తరగతి నోటుపుస్తకాల్లో ఊరు ఊరంతా నడుం కట్టుకుని నిలబడింది.

అయిదోరోజున హనుమయ్యగారు బడికి వచ్చాడు. నలభై ఎకరాల ఆసామి, స్కూలు కమిటీ ప్రెసిడెంటు. ఆయన మనవడు అదే తరగతి. ముందురోజు భోజనాల దగ్గర ఆ కుర్రాడు, "తాతయ్యా, మన చేలకు నీళ్ళొచ్చే బోదె ఎవరు తవ్వారు? వాళ్ళ పేర్లేంటి?" అని అడిగాడట. పెద్దాయనకు ముద్ద దిగలేదు.

హెడ్మాస్టరు వెంకటకృష్ణారావుగారి గదిలో ఛాయాదేవిని నిలబెట్టారు. కుర్చీ ఉంది, కూర్చోమనలేదు. ఆమె తనే లాక్కుని కూర్చుంది.

"ఏమ్మా టీచరమ్మా, పిల్లలకు కులాలు నేర్పుతున్నావంట?" అన్నాడు హనుమయ్య.

"పనులు నేర్పుతున్నానండీ. ఏ పని ఎవరు చేశారో వాళ్ళంతట వాళ్ళే తెలుసుకుంటున్నారు."

"ఇవాళ ఆనకట్ట అంటారు. రేపు మా చేను ఎవరు దున్నారని అడుగుతారు."

"అడగాలండీ. అడగకపోతే నేను పాఠం సరిగ్గా చెప్పనట్టే."

హెడ్మాస్టరు దడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, రిటైర్మెంటుకు రెండేళ్ళున్న మనిషి. "ఛాయాదేవిగారూ, నా మాట వినండి. ఏడో తరగతికి పబ్లిక్ పరీక్ష ఉంది. పేపర్లు బయటివాళ్ళు దిద్దుతారు. ఈ తాతల కథలు రాస్తే అక్కడ సున్నాలు పడతాయి. ఆ నాలుగు మార్కులు కొట్టేయండి, రిజిస్టరు మీద సంతకం పెడతాను. ఇంతటితో పోతుంది."

"దొర పేరూ రాస్తారు, సంవత్సరమూ రాస్తారు. వాటికి పూచీ నాది. దొరను తీసెయ్యమని నేను అనడం లేదు. ఆయన పక్కన కొండలయ్యకు చోటివ్వమంటున్నాను. ఒక్కణ్ణే రాస్తే పాఠం సగమే అయినట్టు. సగం పాఠం చెప్పి పూర్తి జీతం తీసుకోవడం నాకు ఇష్టం లేదు. కిటికీలోంచి చూడండి, కరెంటు ఫ్యాక్టరీ లేస్తోంది. ఆ కాంక్రీటు తట్టలు మోసే ఆడవాళ్ళ పిల్లలు మన బళ్ళోనే ఉన్నారు. నూరేళ్ళ తరవాత వాళ్ళ మునిమనవరాలు అమ్మమ్మ పేరు రాస్తే, ఇంకెవరో టీచరు సున్నా చుట్టాలా?"

"మార్కులు కొట్టేస్తావా, బదిలీ అవుతావా?" అని హనుమయ్య లేచాడు.

ఛాయాదేవి బల్ల మీది మార్కుల రిజిస్టరు తన వైపు తిప్పుకుంది. నాంచారమ్మ పేరుకెదురుగా ముప్పై అయిదు వేసి, కింద తన పూర్తి పేరుతో సంతకం చేసింది. "ఇది నా సబ్జెక్టు, ఇవి నేను వేసిన మార్కులు. బదిలీ కాగితం మీ ఇష్టం" అని బయటికి నడిచింది. ఆ రోజు సాయంత్రం వెంకటకృష్ణారావుగారు రిజిస్టరును చాలాసేపు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి సంతకం పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఎవరికీ చెప్పలేదు.

బదిలీ కాగితం జనవరి ఆఖర్లో వచ్చింది. కొల్లేటి దగ్గర ఏదో ఊరు, మూడు బస్సులు మారాలి. ఛాయాదేవి ఏడవలేదు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది, ఆ కోపం ఆమెకు వెయ్యేనుగుల బలమిచ్చింది. కొల్లేట్లో మాత్రం మనుషుల్లేరా, వాళ్ళకు తాతల్లేరా అనుకుంది.

చివరిరోజు బడి గేటు దగ్గర ఎల్లారావు కనిపించాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, "పిల్లని మానిపించనండీ. పదోది దాకా చదివిస్తాను" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తండ్రి వెనకాలే వచ్చిన నాంచారమ్మ మాత్రం కదల్లేదు. "టీచర్, మీరు నేర్పినట్టు దొర పేరు రాస్తాను. దాని కింద తాత పేరు కూడా రాస్తాను. పబ్లిక్‌లో దిద్దేవాళ్ళు కొట్టేస్తే?"

ఛాయాదేవి చేతిసంచీ కింద పెట్టి, ఆ పిల్ల కళ్ళలోకి చూసి చెప్పింది.

"కొట్టేస్తే మళ్ళీ రాయి. వాళ్ళు కొట్టేసిన ప్రతిసారీ రాయి. రాయించుకున్న కొద్దిమంది పేర్లతో చరిత్ర అయిపోదమ్మా, చెమటోడ్చి ప్రాణం పెట్టిన అందరి పేర్లూ ఎక్కేదాకా అది పూర్తి కాదు. పూర్తిచెయ్యాల్సింది మీరే."