కుడివైపు వయొలిన్

కుక్కర్ రెండో విజిల్ వేసింది. మూడోదానికి కట్టేయాలి. నవనీత కుడిచెవిలో ఆఫీసు మేనేజరు గడువుల గురించి ఊదరగొడుతున్నాడు, ఎడమచెవిలో అత్తగారు రాజరాజేశ్వరి కొత్తిమీర కట్ట వాడిపోయిందని సణుగుతున్నారు. నవనీత ఇద్దరికీ కలిపి ఒకేసారి "ఆఁ, చూస్తాను" అంది. ఇద్దరికీ సరిపోయింది. ఐదేళ్లుగా ఆమె సంసారమూ ఉద్యోగమూ ఆ ఒక్క మాట మీదే నడుస్తున్నాయి లెండి.

పుప్పాలగూడలో పద్దెనిమిదో అంతస్తు. రెండు పడగ్గదులు, ఒక హాలు. ఇంటినుంచి పని మొదలైనప్పుడు ఒక గదిలో భర్త జశ్వంత్ తలుపేసుకున్నాడు. రెండోది అత్తగారిది. నవనీత బల్ల హాల్లో, వంటింటికీ వీధి తలుపుకీ మధ్యన పడింది. "నీకైతే అన్నీ చేతికందుతాయి కదా" అన్నాడు జశ్వంత్, ఏదో వరమిచ్చినట్టు. ఇద్దరిదీ ఒకేలాంటి ఉద్యోగం, ఇద్దరివీ ఒకేలాంటి మీటింగులు. ఒంటిచెవి హెడ్‌సెట్ కావాలా, రెండు చెవులదా అని ఇద్దరి ఆఫీసులవాళ్లూ అడిగారు. జశ్వంత్ పక్కన పిడుగు పడినా వినపడనిది తెప్పించుకున్నాడు. నవనీత కూడా అలాంటిదే పంపమనబోతుంటే అత్తగారు నవ్వుతూనే అన్నారు. "నువ్వూ రెండు చెవులు మూసేసుకుంటే ఇల్లేం కావాలమ్మా?" నిజమే కదా అనుకుంది పిచ్చిది. ఒంటిచెవిదే పంపమంది. కుడిచెవి ఆఫీసుకి, ఎడమచెవి ఇంటికి. హాల్లో టీవీ మోగుతుంటే, వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే అవతలివాళ్ల మాట తెలియడానికి శబ్దం పెంచుకునేది. పెంచగా పెంచగా ఇక పెంచడానికేమీ మిగల్లేదు. రోజుకి తొమ్మిది గంటలు, ఆ ఒక్క చెవిలోకే.

ఈ నవనీత ఒకప్పుడు కాకినాడలో రామ్మోహనరావు మాస్టారి దగ్గర పదకొండేళ్లు వయొలిన్ నేర్చుకుంది. "నీకు చేతికన్నా చెవి గొప్పదే అమ్మాయీ, పావు వీసం శ్రుతి తప్పినా పట్టేస్తావు" అనేవారాయన. వయొలిన్ ఆమెతోపాటే కాపురానికొచ్చి అటక మీద కాపురం పెట్టింది. ఇంకా ఆఫీసుకి వెళ్లే రోజుల్లో ఒకనాడు అత్తగారు దాన్ని కిందికి దింపించి తన చెల్లెలి మనవరాలికి ఇచ్చేశారు. నవనీత ఆఫీసు నుంచి వచ్చేసరికి వయొలిన్ ఊరు దాటిపోయింది. "ఊరికే పడుంది కదే, పిల్ల నేర్చుకుంటుంది" అన్నారు. జశ్వంత్‌తో చెప్పుకుంటే "ఇప్పుడు నువ్వు వాయిస్తావా ఏంటి?" అన్నాడు. గోడకి చెప్పుకున్నా నయమే. గోడ ఎదురు ప్రశ్న వెయ్యదు.

సరే, వాయించే యోగం పోయింది. వినడమన్నా మిగిలిందిగా అనుకుంది. ల్యాప్‌టాప్‌లో కచేరీ పెడితే వయొలిన్ రేకుడబ్బా మీద గీకినట్టు ఉండేది, వెనకాల సన్నగా ఒక రొద. అదెందుకో తెలుసుకోవడానికి నాలుగు నెలలు చదివింది, అన్నం ఉడికేలోపు కాస్త, మీటింగ్‌లో ఎవరూ తనని అడగనప్పుడు కాస్త. ఆ రొద లోపలి ఫ్యానుదీ కరెంటుదీ అని తెలిసింది. సౌండ్ కార్డు బయట విడిగా చిన్న పెట్టెలా ఉంటే దానికి ఆ రొద అంటదని తెలిసింది. స్పీకర్లు చెవి ఎత్తులో, మనిషికి రెండువైపులా సమదూరంలో ఉండాలనీ తెలిసింది.

"ల్యాప్‌టాప్‌లో సౌండ్ వస్తోందిగా, మళ్లీ కార్డెందుకు?" అన్నాడు జశ్వంత్. "అయినా ఆ స్పెక్కులు నీకేం అర్థమవుతాయి, నన్నడిగితే చెప్పేవాణ్ణిగా." అడిగింది. "చూద్దాంలే" అన్నాడు. ఆ చూద్దాం ఎప్పటిదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

తనే వెళ్లింది. మాదాపూర్ సందులో తిరుపతి అనే ఆయన కొట్టు. రేడియోలు బాగుచేసే రోజులనుంచీ ఇదే పనిలో ఉన్నాడట, చెవి మీద పెన్సిల్. ఆమె అడిగే ప్రశ్నలకి ముచ్చటపడిపోయాడు. "గింత తెలిసినోళ్లు మా కొట్టుకు రారు మేడమ్. అందరు ధబధబ మోగుతదా అనే అడుగుతరు" అన్నాడు. ఆ మెప్పుకే ఆమె కళ్లు చెమర్చాయంటే నమ్మండి.

శనివారం మధ్యాహ్నం. అత్తగారు కునుకు తీస్తున్నారు. నవనీత బల్ల తుడిచి, కొనుక్కొచ్చిన కార్డు తగిలించి, రెండు స్పీకర్లనీ స్కేలుతో కొలిచి మరీ పెట్టింది. కచేరీ మొదలైంది. గొంతు సరిగ్గా నడిమధ్య. మృదంగం ఎడమవైపు, వేలిగోరు తగిలినా తెలిసేంత స్పష్టంగా. వేదిక మీద కూర్చునే వరస కూడా అదే. వయొలిన్ వినేవాళ్లకి కుడివైపు రావాలి. వచ్చింది. కానీ దుప్పటి కప్పేసి వాయిస్తున్నట్టు వచ్చింది. పై స్థాయిలో కమాను మెరుపే లేదు.

కార్డు పాడయిందనుకుంది. తిరుపతి ఇంకోటి ఇచ్చాడు. అదీ అంతే. జశ్వంత్ వచ్చి అర నిమిషం విన్నాడు. "బానే ఉంది కదా! నీ చాదస్తానికి పాపం ఆ కొట్టువాడు బలి." ఈసారి అంతా పెట్టెలో సర్దుకుని కొట్టుకే మోసుకుపోయింది.

తిరుపతి అన్నీ కలిపి పెట్టాడు. తను విన్నాడు, మళ్లీ విన్నాడు. పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాడు. "జర కూసోండ్రి మేడమ్. కండ్లు మూసుకోండ్రి. ఏ దిక్కు తక్కువున్నది?"

"కుడివైపు."

"ఇగ కుర్సీ ఉల్టా తిప్పుకొని కూసోండ్రి. స్పీకర్లకు ఈపు పెట్టుండ్రి. ఇప్పుడు?"

"కుడివైపే" అంది నవనీత. అనేశాక కళ్లు తెరిచింది. ఇప్పుడు ఆమె కుడివైపు ఉన్నది ఇందాకటి ఎడమ స్పీకరు.

తిరుపతి పాట ఆపేశాడు. ఆమె ముఖంలోకి చూడలేక వైర్లు చుట్టసాగాడు. "మా బాపు మగ్గాల కార్ఖానల పనిజేసెటోడు. ఆయనకు గిట్లనే అయింది" అన్నాడు చివరికి. "డబ్బాల ఏం ఖరాబు లేదు అక్కా. జల్ది దవాఖానల చూపిచ్చుకోండ్రి."

మేడమ్ కాస్తా అక్క అయిపోయింది. అప్పుడే ఆమెకి భయమేసింది.

డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. కాగితం మీద గీత ఎడమచెవికి తిన్నగా ఉంది, కుడిచెవికి మెట్లు దిగి నేలకంటింది. "సన్నని నరాలు. పోయినవి మళ్లీ రావు" అంది. హెడ్‌సెట్ సంగతి విని తల పంకించింది. చెవి మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయంది. సంగీతమో అని అడిగితే చీటీ రాయడంలో పడింది. మెట్లు దిగి ఆటోస్టాండు దాకా వచ్చి నవనీత గోడకానుకుని ఏడ్చింది. మాస్టారు మెచ్చిన చెవి! తనే తీసుకెళ్లి ఒక చెవి వాళ్లకీ ఒక చెవి వీళ్లకీ పంచిపెట్టుకుంది. ఎవరూ లాక్కోలేదు, నవ్వుతూ అడిగారు, ఇచ్చేసింది. తనకంటూ ఏ చెవీ ఉంచుకోలేదు. అది గుర్తొచ్చి మరీ ఏడ్చింది.

ఇంట్లో చెప్పింది. జశ్వంత్ ఫోన్ పక్కన పెట్టి నిజంగానే బాధపడ్డాడు, రెండు నిమిషాలు. "పోనీలే, ఇంకోటి బాగుందిగా. నీ హెడ్‌సెట్ ఇక అటు మార్చుకో" అన్నాడు. అత్తగారు "అయ్యో తల్లీ" అని బుగ్గ నొక్కుకున్నారు. తర్వాత కాస్త ఆలోచించి అడిగారు.

"బాగున్నది ఎడమదేగా? వంటింటివైపుదేగా? అయితే ఫరవాలేదులే, పిలిస్తే పలుకుతావు."

మూకుడులో పోపు మాడుతుంటే నవనీత వెళ్లి దింపింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె హాల్లో బల్లని తిప్పింది. ఎవర్నీ సాయం అడగలేదు. బల్ల కాళ్లు నేల మీద కీచుమని ఈడ్చుకుపోయాయి. ఇప్పుడు వంటింటివైపు కుడిచెవి. ఎడమవైపు కిటికీ, దాని అవతల ఇంకో అపార్ట్‌మెంటు సిమెంటు గోడ. స్పీకర్ల వైర్లు కూడా అటుది ఇటు, ఇటుది అటు మార్చేసింది. మృదంగం చీకట్లోకి పోయింది, పోనీ. వయొలిన్ ఎడమవైపుకి వచ్చింది. మాస్టారు చూస్తే వరస తప్పిందని చీవాట్లు పెట్టేవారు. కానీ కమాను మెరిసింది. సగం కచేరీ. ఇక ఎప్పటికీ సగమే. కళ్లనీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా వింది.

"నవనీతా! కాఫీ పెడతావా?"

వినపడింది. మసగ్గా, దూరంగా, అయినా వినపడింది. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. బలవంతాన కూర్చోబెట్టుకుంది. రెండోసారి పిలిచారు, మూడోసారి అరిచారు. జశ్వంత్ గది తలుపు తెరుచుకుంది. భుజం మీద తట్టాడు.

"అమ్మ అంతలా పిలుస్తుంటే వినపడట్లేదా?"

నవనీత పాట ఆపలేదు. తల కూడా తిప్పలేదు.

"అటువైపు చెవి పోయింది కదా జశ్వంత్. ఇకనుంచి అటు నువ్వే వినాలి."