రెండో గుండీ

మార్చి పద్నాలుగున మా అన్నయ్య నోటితో తిన్నది రెండు చెంచాల అరటిపండు గుజ్జు. ఆ తారీఖు నేను చచ్చినా మర్చిపోను.

అన్నయ్య దర్జీ. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణుకుతుంటే, మెదడులోకి సన్నటి తీగలు పంపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టారు. ఆ కరెంటుతో వణుకు ఆగింది. మళ్లీ సూదిలో దారం ఎక్కించాడు. కానీ మింగడం రానురాను కష్టమైంది. మంచినీళ్లకే పొలమారేది.

"పొట్టలోకి గొట్టం వేయాల్సి రావచ్చు," అంది డాక్టరమ్మ. "దానికి ముందు కరెంటు వేగం తగ్గించి చూద్దాం. కొందరికి మింగడం మెరుగవుతుంది. చేతి వణుకు మాత్రం కొంత తిరిగి రావచ్చు."

అన్నయ్య చేతులు చూసుకుని, వదినని చూశాడు. "తగ్గించండి. గొట్టంతో తింటే ఈవిడ వంటకి వంక పెట్టేదెలా?"

కరెంటు తగ్గించిన వారం తర్వాత, మార్చి పద్నాలుగున, ఎక్స్‌రే పరీక్ష. గొంతులో దారి తెర మీద కనబడడానికి గుజ్జులో తెల్లటి మందు కలిపారు. వదినా నేనూ అద్దం ఇవతల, మైకు పక్కన నిలబడ్డాం.

"గడ్డం కిందికి వంచి మింగండి," అంది మింగడం నేర్పే అమ్మాయి, ఒక చెంచా గుజ్జు నోట్లో పెట్టి.

అన్నయ్య పెదాలు బిగించి, మెడ నిటారుగా పెట్టి, అలాగే ఉండిపోయాడు. జీవితమంతా గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని కొలతలు తీసిన మనిషి! నోట్లో ఏదైనా ఉంటే మింగకూడదన్నది ఒంటికి పట్టేసింది.

"మింగు అన్నయ్యా!" ఊహూఁ. ఇక గొట్టమే అనుకున్నాను.

వదిన మైకు మీదికి వంగింది. "ఏమండీ, మీ చొక్కా రెండో గుండీ వేలాడుతోంది!"

ఠక్కున గడ్డం ఛాతీకి ఆనింది. గొంతు గుటుక్కుమంది. తెర మీద ఆ ముద్ద ఊపిరి దారిని తప్పించుకుని నేరుగా కిందికి జారింది.

"వెళ్లింది! సరిగ్గా వెళ్లింది!" అమ్మాయి అరిచింది. నేను చప్పట్లు కొట్టాను.

అన్నయ్య గుండీ లాగి చూశాడు. "గట్టిగానే ఉంది కదే!"

"ఉండదా మరి? కుట్టింది ఎవరు?"

"నీ అబద్ధాలు తగలెయ్య! ఇంకో చెంచా పెట్టమ్మా."

ఈసారి తనే గుండీ వైపు వంగి మింగాడు. గొట్టం ఇప్పట్లో అక్కర్లేదన్నారు. మెత్తటివి, చిక్కటివి, గడ్డం వంచి తింటే చాలన్నారు.

సాయంత్రం ఇంట్లో అన్నయ్య నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఈ గుండీ ఊడి ఎన్నాళ్లయింది? మరదలు పోయాక నిన్ను చూసుకునేవాళ్లే లేరు. విప్పు."

చెయ్యి వణికింది, దారం తప్పింది. వదిన సూది అందుకుని దారం ఎక్కించి ఇచ్చింది. ఆయన కుట్టాడు.

"వంకరగా వచ్చిందిరా."

"నాకు ఇదే కావాలి అన్నయ్యా."

చొక్కా తొడుక్కుని నా గదికి బయల్దేరాను.

"రేపేం వండుతావే?"

"వంక పెట్టనంటే చెప్తాను."

వాళ్ల గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను.