మంచిదైపోయిన అత్తగారు

స్టూడియోలో అందరూ ఆవిడను కత్తెరమ్మ అనేవారు. సీరియళ్ల నిర్మాత కాకముందు దుస్తుల విభాగంలో నటుల బట్టలకు కుట్లు విప్పి మళ్లీ కుట్టే పని చేసింది. అప్పుడు పడిన పేరు. నిర్మాత అయ్యాక పేరు పోలేదు సరికదా, నచ్చని సీను కనిపిస్తే చాలు కత్తిరించి పారేస్తుంది గనుక ఇంకా గట్టిగా అతుక్కుంది. పెళ్లి చేసుకోలేదు. "సీరియళ్లలో ఇన్ని పెళ్లిళ్లు చేస్తున్నాగా, ఇంక నాకెందుకు?" అని నవ్వేసేది.

ఆవిడ సీరియల్‌కు ప్రాణం గయ్యాళి అత్త. ఆ వేషం వేసే నటి బయట వెన్నపూసలాంటి మనిషి. లైట్లు మోసేవాళ్ల దగ్గర్నుంచి అందరూ ఆమెను అత్తగారనే పిలుస్తారు. కెమెరా ముందు కోడలి జుట్టు పట్టుకుని ఈడుస్తుంది. కట్ అనగానే అదే తల నిమురుతూ "నొప్పెట్టిందా తల్లీ?" అని అడుగుతుంది. ఆమె, కత్తెరమ్మ ఒకే ఏడు ఈ రంగంలోకి వచ్చారు. ఇన్నేళ్లలో అత్తగారు తనకంటూ ఏదీ అడగలేదు.

అలాంటిది ఒకనాడు మధ్యాహ్నం మేకప్ కూడా తుడుచుకోకుండా కత్తెరమ్మ గదికి వచ్చి కూర్చుంది.

"ఒక్క వారం నన్ను మంచిదాన్ని చెయ్యవే."

"ఏమైంది నీకు?"

"మనవరాలు నా దగ్గరికి రావడం లేదు. మొన్న పక్కింట్లో మన సీరియల్ చూసిందట. కోడల్ని గదిలో పెట్టి తాళం వేశానే, అది. అప్పట్నుంచి నేను ఇంట్లో అడుగుపెడితే చాలు, వాళ్లమ్మను తీసుకెళ్లి మంచం వెనకాల దాచేస్తోంది. నా నుంచి కాపాడుతోందన్నమాట!" నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నిన్న పాలిస్తే, 'ఇందులో ఏం కలిపావ్?' అంది."

ఆ ఎపిసోడులో పాలల్లో మత్తుమందు కలిపే సీను పట్టుబట్టి రాయించింది కత్తెరమ్మే.

ఛానల్ అధికారి ఒక పట్టాన ఒప్పుకోలేదు. "అత్త మంచిదైపోతే ఇంక కథేముంది మేడమ్? పులి గడ్డి తింటే సర్కస్‌కి ఎవరొస్తారు?"

"ఒక్క వారమేనండీ. రేటింగ్ పడితే ఆ పాపం నాది."

ఆవిడ బతిమాలడం అతను ఎన్నడూ చూడలేదు. సరేనన్నాడు.

అత్త కోడలిని క్షమాపణ అడిగే సీను రాయించారు. అత్తగారు ఎంత బాగా చేసిందంటే, మైకు పట్టుకున్నవాడు ముక్కు ఎగబీల్చాడు. ఆ చప్పుడు రికార్డయిందని సీను మళ్లీ తీయాల్సి వచ్చింది.

ఎపిసోడు ప్రసారమైంది. రేటింగ్ పడలేదు, పెరిగింది. ఛానల్ అధికారి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "అదిరిపోయింది మేడమ్! అత్త ఏం ఎత్తు వేసిందో తెలీక జనం చచ్చిపోతున్నారు. ఇంకొన్నాళ్లు ఆవిణ్ని ఇలాగే మంచిగా ఉంచండి. చాలా భయంగా ఉంటోంది."

కాసేపటికి అత్తగారు ఫోన్ చేసింది. "మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది మా కోడలు. చివరిదాకా చూసి ఏమందో తెలుసా? 'నాటకాలాడుతోంది' అంది."

ఆ తర్వాత వినిపించింది నవ్వో ఏడుపో కత్తెరమ్మకు తెలియలేదు. షూటింగ్ దర్శకుడికి అప్పజెప్పి అత్తగారింటికి బయల్దేరింది.

కోడలు తలుపు తీసింది. పిల్ల తల్లి వెనక నుంచి తొంగి చూసింది. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో, సొంత ఇంట్లో చుట్టంలా కూర్చుని ఉంది.

"నువ్వెవరు?" అంది పిల్ల.

కెమెరాల గురించి, వేషాల గురించి ఎలా చెప్పాలో కత్తెరమ్మ దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది. ఆ కళ్లు చూశాక అవన్నీ వదిలేసి నేల మీద చతికిలబడింది.

"మీ నానమ్మ చేత ఆ పనులన్నీ చేయించేది నేనే."

"తాళం కూడా?"

"తాళం కూడా."

"పాలు?"

"అదీ నేనే. పాపం, మీ నానమ్మ వద్దనే అంటుంది. నేనే వినను."

"అయ్యో, అదేం మాటే!" అంటూ అత్తగారు లేవబోయింది. కత్తెరమ్మ చేత్తో వారించింది.

పిల్ల ముక్కుపుటాలు అదిరాయి. తల్లి చెయ్యి వదిలేసి, గది దాటి పరుగెత్తి నానమ్మ ఒళ్లోకి ఎక్కింది. రెండు చేతులూ బార్లా చాపి ఆమెకు అడ్డం పెట్టింది.

"మా నానమ్మ జోలికి రాకు! నువ్వే చెడ్డదానివి!"

"అవునమ్మా," అంది కత్తెరమ్మ.

అత్తగారు మనవరాలి జుట్టులో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. కెమెరా ముందు వందలసార్లు ఏడ్చిన మనిషి. ఇలా ముఖం కనబడకుండా ఏడవడం కత్తెరమ్మ ఎన్నడూ చూడలేదు.

సీరియల్‌లో అత్త మళ్లీ గయ్యాళి అయింది. "మేం ముందే చెప్పలేదూ!" అన్నారు జనం. కత్తెరమ్మ మాత్రం వీలు దొరికినప్పుడల్లా ఆ ఇంటికి వెళ్లేది. పిల్ల ఆవిడను గోడ దగ్గర నిలబెట్టి, "ఇవాళ మా నానమ్మ చేత ఏం చేయించావ్?" అని నిలదీసేది. ఆవిడ తలవంచుకుని ఉన్నదున్నట్టు చెప్పి చీవాట్లు తినేది.

ఒకరోజు చీవాట్ల మధ్యలో పిల్ల ఆగింది. "నీకు నానమ్మ లేదా?"

"లేదు."

"అమ్మ?"

"ఇప్పుడు లేదమ్మా."

"అందుకేనా ఇలా తయారయ్యావ్?" పిల్ల జాలిగా చూసింది. నానమ్మ వైపు తిరిగి చెవిలో ఏదో సంప్రదించింది. తర్వాత మంచం చివర చోటు చూపించింది. "సరే, కూర్చో. కొంచెం దూరంగా."

కత్తెరమ్మ వెళ్లి ఆ చివర ఒద్దికగా కూర్చుంది.